శ్రీబాగ్ ఒడంబడిక గారికి, కర్నూలు నుంచి

మహారాజశ్రీ శ్రీబాగ్ ఒడంబడిక గారి సముఖానికి,

కర్నూలు నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ‘శ్రీబాగ్’ అనే ఇంట్లో తమరు పుట్టారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే మా రాయలసీమకు ఏమేం దక్కాలో సీమ వైపునుంచి కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు గార్లు, కోస్తా వైపునుంచి కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య గార్లు వంటి పెద్దలు కూర్చుని రాసిన కాగితం మీరు. అంతమంది ఉండి ఒక్క సంగతి మరిచిపోయారు. ఇచ్చిన మాటలు జరగకపోతే ఏమిటని ఎవరూ రాయలేదు.

మా ఆదోనిలో పత్తి రైతు అప్పు తెచ్చుకుంటే ప్రామిసరీ నోటు ఎట్లా రాయిస్తారో చూశారా? ‘తమరు కోరినప్పుడు తమకు గాని, తమ అనుమతి పొందినవారికి గాని’ అసలూ వడ్డీ కలిపి ఇస్తానని రాసిస్తాడు. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, పక్కన సాక్షులు. మూడేళ్లు దాటితే కాలదోషం పట్టి కోర్టులో చెల్లదని షావుకారు ముందే ఇంటి చుట్టూ తిరిగి నోటు తిరగరాయించుకుంటాడు. తమరికేమో స్టాంపు లేదు, వడ్డీ లేదు. ఇరువైపులా ఒప్పుకుంటే షరతులు మార్చుకోవచ్చన్న సౌకర్యం మాత్రం ఉంది!

కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లో, అవసరమైతే ఇంకొన్నాళ్లో సీమకూ నెల్లూరుకూ మొదటి ప్రాధాన్యం అన్నారు. ఆ పదేళ్లు ఏ తేదీ నుంచో రాయలేదు కాబట్టి ఇంకా మొదలు కాలేదనే అనుకుంటున్నాం. శ్రీశైలం ప్రాజెక్టు కింద మా జిల్లా ఊళ్లు మునగడానికి మాత్రం ఏ ఒడంబడికా అవసరం పడలేదు. ఆ పని చకచకా జరిగిపోయింది.

అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్నారు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. నలభై నాలుగేళ్లు పట్టినా వచ్చింది గదా, కాదనం.

రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో మమ్మల్నే కోరుకోమన్నారు. రాజధాని కోరుకున్నాం. 1953 అక్టోబరు 1న కర్నూలుకు వచ్చింది, గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956 నవంబరు 1కల్లా రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. మొత్తం మూడేళ్ల ఒక నెల. నోటుకు కాలదోషం పట్టేదాకా ఆగి మరీ తీసుకెళ్లారు, చట్టం తెలిసినవాళ్లు.

తమరి తర్వాత పుట్టినవాళ్లు మాత్రం మహా తెలివైనవాళ్లు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలునే చూడండి. కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ ‘పెడతాం’ అనలేదు, పెట్టే వీలుందో లేదో ఆరు నెలల్లో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలిస్తుంది అంది. ఇక తప్పు పట్టడానికి ఏముంది? ఆ జిల్లాలో ఉక్కు పేరు మీద 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. కంపెనీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, కొబ్బరికాయలకు మాత్రం కొదవ రాలేదు. హైకోర్టు సంగతీ ఇంతే. 2020లో చట్టం చేసి కర్నూలును న్యాయ రాజధాని అన్నారు, 2021లో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు, 2024లో ఇక్కడ హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీలో తీర్మానం చేశారు. (మా వీధిలో ఒక వకీలు గారు మూడుసార్లూ మిఠాయి పంచారు. ఆయనకు షుగరు, తను మాత్రం తినలేదు.)

తమరి మీద మాకు కోపం లేదు. ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్లూ తమరి పేరు తీస్తారు. ‘శ్రీబాగ్ స్ఫూర్తితో’ అంటారు. స్ఫూర్తితో అన్నారంటే అందులో రాసినవి ఇవ్వరని మాకు తెలుసు, అయినా చప్పట్లు కొడతాం. మావైపు నుంచి గెలిచి వెళ్లినవాళ్లు కూడా తమరిని ఒకసారి బయటికి తీసి, దుమ్ము దులిపి, మడత పాడవకుండా మళ్లీ లోపల పెడతారు.

ఈ నవంబరు 16న కూడా ఇక్కడ సభ పెడుతున్నారు. తమరు తప్పక రావాలి, అధ్యక్షత తమరిదే. తీర్మానాలు ముందే ప్రింటు చేయించారు కాబట్టి చదివే శ్రమ లేదు. పోయినేటివే, తేదీ ఒక్కటి మార్చారు. కింద సంతకం పెడితే చాలు.

ఇట్లు,
తమరి విధేయుడు,
కర్నూలు వాసి