పెంపుడు పాము కరవకుండా చిట్కాలంటూ తిరుగుతున్న ఫార్వర్డ్‌లో ఉన్నవన్నీ కరిపించే పనులే

ఇక్కడ టెక్సస్‌లో మనవాళ్ల పిల్లలు కుక్కపిల్ల కావాలన్నట్టే ఇప్పుడు పాము కావాలంటున్నారు, రెప్టైల్ షోకి, అంటే పాములు, బల్లుల్లాంటివి అమ్మే సంతకి తీసుకెళ్తే బాల్ పైథాన్ గానీ కార్న్ స్నేక్ గానీ పెద్ద ఖర్చు లేకుండా దొరికిపోతోంది, కొనేస్తున్నారు. మంచిదే, రెండూ విషం లేనివి, నెమ్మదైనవి. కానీ వాటితో పాటు తెలుగులో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ కూడా ఇంటింటికీ చేరింది, పెంపుడు పాము జన్మలో కరవకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో చెప్తానంటుంది. అందులో ఉన్నవి ఇవీ: తిండి ఎప్పుడూ వేరే డబ్బాలోనే పెట్టాలట, ట్యాంకులో, అంటే పాము ఉండే గాజు పెట్టెలో పెడితే చెయ్యి కనపడగానే తిండే అనుకుంటుందట. బతికున్న ఎలుకనే వెయ్యాలట, చచ్చింది వేస్తే వేట కసి మన మీద తీర్చుకుంటుందట. తిన్న వెంటనే చేతుల్లోకి తీసుకుంటే అన్నం పెట్టిన చెయ్యి అని గుర్తుపెట్టుకుంటుందట. ఎత్తేటప్పుడు తల వెనక గట్టిగా పట్టుకోవాలట. కరిస్తే ఒక్కసారిగా చెయ్యి లాగెయ్యాలట. తిండి మానేసి మన పక్కన ఒళ్లు చాచి పొడుగ్గా పడుకుందంటే మింగడానికి కొలత తీసుకుంటోందట.

నేను ఈ రెండు రకాలూ ఏళ్ల తరబడి పెంచుతున్నా. ఇది నమ్మి పిల్లల చేత అలాగే చేయిస్తున్న ఇళ్లు చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఒక సంగతి తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఇలాంటి పాము కరిచేది రెండే కారణాలకి, కోపం, కసి, పగ ఇవేం కాదు. ఒకటి భయం. మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాక్కుని, బుస కొట్టి, చటుక్కున కొట్టి వెంటనే వదిలేస్తుంది, కార్న్ స్నేక్ అయితే తోక కూడా టపటపలాడిస్తుంది. రెండోది తిండి అనుకోవడం. ఇందులో బుస ఉండదు, హెచ్చరిక ఉండదు, నాలుక గబగబా ఆడుతుంది, తల మన చెయ్యి ఎటు కదిలితే అటు తిరుగుతుంది, కొట్టిందంటే వదలదు, పట్టుకుని చుట్టేస్తుంది. పెంపుడు పాముల్లో గట్టిగా పడే కాట్లు ఎక్కువగా ఈ రెండో రకమే, అంటే తిండి పెట్టే టైమూ, మన చేతి వాసనా, చేతి వేడీ వీటిని చూసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

ఇప్పుడు వేరే డబ్బా సంగతి. ఇది ఫార్వర్డ్ పుట్టించిన మాట కాదు, పాత రోజుల్లో అమెరికాలో పెట్ షాపుల వాళ్లు కూడా ఇదే చెప్పేవాళ్లు, అందుకే వినడానికి నిజంలా ఉంటుంది. కానీ ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి. ఎలుక వాసన గదిలోకి వచ్చాక పాము అప్పటికే వేట మూడ్‌లో ఉంటుంది, అప్పుడు దాన్ని చేత్తో ఎత్తి డబ్బాలో పెట్టాలి. తిన్నాక ఇంకా అదే మూడ్‌లో ఉంటుంది, నోట్లో ఎలుక వాసన, మళ్లీ చేత్తో ఎత్తి ట్యాంకులో పెట్టాలి. చేతులు అస్సలు దగ్గరికి పోకూడని టైమేదో సరిగ్గా ఆ టైముకే రెండు సార్లు ముట్టుకోమంటున్నారు. పైగా కొత్త డబ్బాలో బాల్ పైథాన్ బెదిరిపోయి అసలు తినకుండా కూర్చోవడం చాలా మామూలు.

మరి ట్యాంకులోనే పెడితే తలుపు తీసినప్పుడల్లా తిండే అనుకోదా అంటే, తలుపు తీసేది తిండికి మాత్రమే అయితే అనుకుంటుంది, నిజమే. పెద్ద పాముకి రెండు మూడు వారాలకోసారి తిండి పెడతాం, మధ్యలో ఎన్నోసార్లు నీళ్లు మార్చడానికి, శుభ్రం చెయ్యడానికి, ఊరికే చేతిలోకి తీసుకోవడానికి తలుపు తీస్తాం, అప్పుడు దానికి తలుపు తీయడం అంటే తిండి ఒక్కటే కాదు. ఇంకా నమ్మకం కావాలంటే హుక్, అంటే పాముల కోసం అమ్మే కొస వంపు తిరిగిన కర్ర వాడండి. చెయ్యి పెట్టేముందు పాము ఒంటి మధ్యలో హుక్‌తో గానీ, పేపర్ టవల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టంతో గానీ మెల్లగా తాకాలి. తిండి రోజున ఆ తాకుడు ఉండకూడదు, మిగతా రోజుల్లో ప్రతిసారీ ఉండాలి. కొన్నాళ్లకి తాకగానే నాలుక ఆడించడం తగ్గి, తల కిందికి దించి ఒళ్లు వదులు చేస్తుంది, అది మన కళ్లకే తెలుస్తుంది, అప్పుడు చెయ్యి పెట్టొచ్చు.

వాసన గురించి ఆ ఫార్వర్డ్‌లో ఒక్క ముక్క లేదు, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. మాకు తెలిసినవాళ్లింట్లో పిల్లాడు హామ్‌స్టర్‌తో ఆడుకుని చేతులు కడుక్కోకుండా తిన్నగా పాము ట్యాంకులో చెయ్యి పెట్టాడు. అది ఎలుక జాతి వాసన, పైగా వెచ్చటి చెయ్యి. చూపుడు వేలు పట్టేసి మణికట్టు దాకా చుట్టుకుంది. పాము తప్పేమీ లేదు, దానికి తెలిసినంతలో అది తిండే. బాల్ పైథాన్‌కి పై పెదవి వెంబడి వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి, వాటితో వేడిని పసిగడుతుంది, చీకట్లో కూడా వెచ్చగా ఏదుంటే దాన్నే కొడుతుంది. కార్న్ స్నేక్‌కి ఆ గుంటలు లేవు, వాసన, కదలిక మీద నడుస్తుంది. అందుకే ముట్టుకునే ముందు సబ్బుతో కడగాలి, ముట్టుకున్నాక కూడా కడగాలి, పాముల మీద సాల్మొనెల్లా అనే విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి. 5 ఏళ్ల లోపు పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వొద్దని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లే చెప్తారు.

బతికున్న ఎలుక మాట. వేటాడనిస్తే కసి తీరుతుందనేది మనుషుల ఆలోచన, పాముకి అంటగడుతున్నారు. బతికున్న ఎలుక చేసే పని మాత్రం నిజం, పాముకి ఆకలి లేని రోజున ట్యాంకులో వదిలేసి నిద్రపోతే పొద్దునకల్లా పాముని కొరికి ఎముక కనపడేదాకా తినేసిన ఎలుకలున్నాయి. ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే ఎలుకలు దొరుకుతాయి, రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనిచ్చి, తర్వాత జిప్ కవర్లో పెట్టి వేడి నీళ్లలో ఉంచి, ఒంటి వేడికి వచ్చాక తుడిచి ఇవ్వాలి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, లోపల ఉడికిపోతుంది, పగులుతుంది కూడా. ఎలుక లావు పాము ఒంటిలో అన్నిటికంటే లావుగా ఉన్నచోటికి సమానంగా ఉంటే సరిపోతుంది.

ఇచ్చేది వేళ్లతో కాదు, కనీసం అడుగు పొడవున్న పటకారుతో, ఎలుకని నడుము దగ్గర పట్టుకుని తల ముందుకి వచ్చేలా. ఇక్కడ చాలామంది పొరబడేది, ఎలుక సరిగ్గా వెచ్చబడకుండానే ఇచ్చేస్తారు, చల్లటి ఎలుక ముందుంది, వెచ్చటి చెయ్యి వెనకుంది, బాల్ పైథాన్ ఎలుకని దాటేసి చేతికే గురిపెడుతుంది. ఎలుక తలని ఇంకోసారి వేడి నీళ్లలో ముంచి తీసి ఇవ్వండి, చెయ్యి పక్కకి ఉంచండి, పట్టి చుట్టుకోగానే పటకారు వదిలేసి తలుపు వేసి వెళ్లిపోండి.

తిన్న వెంటనే ఎత్తుకుంటే మచ్చిక అవుతుందన్న మాట అన్నిటిలోకీ క్రూరమైనది. తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోకూడదు. కదిపితే కక్కేస్తుంది, కక్కడం అంటే మనకి వాంతి అయినంత తేలిక కాదు దానికి, గొంతు, పొట్ట దెబ్బతింటాయి, మళ్లీ తిండి పెట్టడానికి రెండు వారాలు ఆగాలి. అన్నం పెట్టిన చెయ్యి అని విశ్వాసం చూపించదు పాము, మన వాసనకి, మన పట్టుకి అలవాటు పడుతుంది, అంతే, అదీ తిండి లేని రోజుల్లో కొద్దికొద్దిగా ముట్టుకుంటేనే. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారతాయి, అప్పుడు సరిగ్గా కనపడదు, ఉలిక్కిపడుతుంది, ఆ రోజులు కూడా వదిలెయ్యండి.

తల వెనక పట్టుకోవడం టీవీలో పాములు పట్టేవాళ్లని చూసి నేర్చుకున్నది. గద్ద గానీ ముంగిస గానీ పట్టేది అక్కడే, కాబట్టి అక్కడ పట్టుకోగానే పాముకి ప్రాణం మీదికి వచ్చినట్టే, ఒళ్లంతా మెలితిప్పుతుంది, వదిలించుకోగానే కరుస్తుంది. పై నుంచి చెయ్యి దించకండి, పక్క నుంచి తీసుకెళ్లి, ఒంటి మధ్యలో ఒక చెయ్యి, వెనక ఇంకో చెయ్యి వేసి, బరువంతా ఆనేలా ఎత్తండి, తల దాని ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వండి. మెల్లగా తీసుకెళ్లండి కానీ మధ్యలో జంకి ఆగిపోయి, వెనక్కి తీసి, మళ్లీ పెట్టకండి, ఆ తడబాటే దాన్ని ఎక్కువ భయపెడుతుంది.

కరిస్తే లాగమన్నది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. వీటి పళ్లు గాలం ముల్లులా లోపలి వైపుకి వంగి ఉంటాయి. లాగకపోతే పిన్నుతో గుచ్చినట్టు వరసగా చిన్న చుక్కలు, కాస్త రక్తం, అంతే. లాగితే ఆ చుక్కలన్నీ గీతలు అవుతాయి, పళ్లు విరిగి చర్మంలో ఉండిపోతాయి, పాము నోరు కూడా పాడవుతుంది. పైన చెప్పిన పిల్లాడి విషయంలో అదే జరిగింది, వాళ్ల నాన్న కంగారుగా లాగేశాడు, తర్వాత వేలు వాచి డాక్టర్ దగ్గరికి వెళ్తే లోపల పన్ను ముక్క ఉంది. భయపడి కొట్టిన కాటు అయితే అదే వదిలేస్తుంది. తిండనుకుని పట్టుకుంటే కదలకుండా ఉండి, తల మీద చన్నీళ్లు పొయ్యండి, వదలకపోతే నోటి పక్కన ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ఒకటి రెండు చుక్కలు వెయ్యండి, వదిలేస్తుంది. చుట్టుకున్న చుట్ట తోక వైపు నుంచి విప్పాలి, తల వైపు నుంచి కాదు. తర్వాత సబ్బు, నీళ్లు, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో చూసుకోవడం.

కొలత తీసుకోవడం కథ ఏళ్లుగా తిరుగుతున్న కట్టుకథ. ఇవి పొంచి ఉండో, వెతుక్కుంటూ తిరిగో పట్టే జీవులు, పక్కన పడుకుని కొలతలు తీసుకునే వేట వీటికి లేదు. 2017లో ఇండోనేషియాలోని సులవేసిలో మనిషిని మింగిన పాము ఉంది, అది 7 మీటర్ల రెటిక్యులేటెడ్ పైథాన్, మీ ఇంట్లో ఉన్న నాలుగడుగుల బాల్ పైథాన్‌కి కుందేలు కూడా ఎక్కువే. బాల్ పైథాన్ చలికాలంలో నెలల తరబడి తినకపోవడం మామూలు, ముఖ్యంగా మగవి. వంటింటి త్రాసులో బరువు చూస్తూ ఉండండి, ట్యాంకులో వెచ్చటి వైపు 90 ఫారెన్‌హీట్ దగ్గర ఉందో లేదో చూడండి. బరువు తగ్గుతుంటే, ఊపిరి గురగురలాడుతుంటే పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఊళ్లో ఉన్న మన బంధువులకి కూడా ఈ ఫార్వర్డ్ చేరింది, వాళ్ల కోసం ఒక మాట. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతిని పెంచాలన్నా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. నేను రాసిన చన్నీళ్లు, సబ్బు అన్నీ విషం లేని పెంపుడు పాముకి మాత్రమే. పొలంలోనో ఇంటి వెనకో ఏ పామైనా కరిస్తే అది కట్లపామా కాదా అని మీరు తేల్చకండి, పాముని పట్టడానికి వెళ్లకండి, కాటు దగ్గర కొయ్యకండి, తాడుతో బిగించి కట్టకండి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.