కింది సెట్టు డబ్బాలోనే ఎందుకుంటోంది?

కట్టుడు పళ్లు పెట్టించుకున్న పెద్దవాళ్లున్న ఇంట్లో చాలాసార్లు కనిపించేదే: పై సెట్టు నోట్లో, కింది సెట్టు డబ్బాలో. పెళ్లిళ్లకీ ఫొటోలకీ మాత్రం అది బయటికొస్తుంది. ‘అమ్మకి అలవాటు కాలేదు’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అలవాటు మాట తర్వాత, అసలు కింది దవడ తీరే వేరు.

పై సెట్టు అంగిలినంతా కప్పి, తడితో అతుక్కుని నిలుస్తుంది. దానికి ఆనుకోవడానికి సుమారు 23 చదరపు సెంటీమీటర్ల జాగా ఉంటే, గుర్రపునాడాలా ఉండే కింది సెట్టుకి దొరికేది 12 మాత్రమే. పైగా మధ్యలో నాలుక కదులుతూనే ఉంటుంది. పళ్లు తీసేశాక ఎముక అరగడం మొదలవుతుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువ. ఆ అరుగుదల కింద దవడలో పైదానికంటే దాదాపు నాలుగు రెట్లు. అంటే ఈ రోజు సరిగ్గా కుదిరిన సెట్టు కొన్నేళ్లకి వదులవడం డాక్టరు తప్పూ కాదు, పెద్దావిడ చాదస్తమూ కాదు.

సెట్టు ఎంత బాగా కుదిరినా కొరికే బలం సొంత పళ్లలో నాలుగో వంతో, అయిదో వంతో. ఇక కింది సెట్టు కూడా లేకపోతే కంచంలోంచి ఒక్కొక్కటే తప్పుకుంటాయి: ముందు జామకాయ, వేరుశనగలు, తర్వాత మాంసం, చివరికి పీచున్న కూరలు. మిగిలేది చారన్నం, మజ్జిగన్నం, టీలో నానిన బిస్కెట్టు. మధుమేహం ఉన్నవాళ్లకి ఇంతకంటే చెడ్డ మెనూ ఉండదు. మాట సంగతీ అంతే. త, ద, న దంత్యాలని బడిలో చదువుకున్నాం; ‘చలి’, ‘జల్లెడ’ లాంటి మాటల్లో చ, జ కూడా తెలుగులో దంత్యాలే. అవి జారుతుంటే, ఎదుటివాళ్లు ‘ఆఁ?’ అని రెండోసారి అడుగుతుంటే మనిషి మాటలు తగ్గించుకుంటాడు. బోసినవ్వు ముద్దుగా ఉంటుందని చెప్పుకునేవాళ్లం మనం, నవ్వేవాళ్లు కాదు.

అందుకే ‘అన్నీ పీకించేసి సెట్టు పెట్టించేద్దాం’ అనే ముందు ఒక్కమాట అడగాలి: కింద కోరపళ్లు రెండూ నిలబెట్టగలమా? వాటికి రూట్ కెనాల్ చేసి, చిగురు మట్టానికి కాస్త పైన కోసి, మిగిలిన ఆ పంటివేళ్ల మీద సెట్టు కూర్చోబెట్టవచ్చు. 1978లో వచ్చిన ఒక అయిదేళ్ల అధ్యయనంలో ఇలా చేసినవాళ్లకి కింది దవడ ముందు భాగంలో ఎముక సగటున 0.6 మిల్లీమీటర్లు అరిగితే, అన్నీ తీసేసినవాళ్లకి 5.2 అరిగింది. ఇబ్బంది ఒక్కటే: సెట్టు కింద ఆ వేళ్లు పుచ్చిపోతాయి. రోజూ బ్రష్‌తో తోమి, ఫ్లోరైడ్ పేస్టు రాయక తప్పదు. పళ్లు ఇప్పటికే లేనివాళ్లకి దవడ ఎముకలో బిగించే రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే కింది సెట్టు మంచిదని 2002లో మాంట్రియల్‌లో కూడిన నిపుణులు తేల్చారు. ఖర్చే అడ్డు.

మామూలు సెట్టుతోనే నెట్టుకురావాల్సినవాళ్లకి అసలు పని పెట్టించుకున్న మర్నాటి నుంచే. మొదటి వారంలో ఒరుసుకుని పుళ్లు పడతాయి. ఇంట్లో ఆకురాయితో అరగదీయకండి, డాక్టరు సరిచేయాలి. వెళ్లే ముందురోజు సెట్టు పెట్టుకునే ఉండాలి, లేకపోతే ఎక్కడ ఒరుస్తోందో కనబడదు. ముద్ద చిన్నది చేసి రెండువైపులా ఒకేసారి నమలాలి. ముందుపళ్లతో కొరికితే వెనక భాగం లేస్తుంది. రాత్రి తీసి చల్లటి నీళ్లలో వేయాలి. వేడినీళ్లలో వేస్తే వంకర పోతుంది, టూత్‌పేస్టుతో తోమితే గీతలు పడి పాచి పడుతుంది. మెత్తటి బ్రష్, మామూలు సబ్బు చాలు. తీయకుండా పడుకునేవాళ్లకి అంగిలి ఎర్రబడి ఫంగస్ పడుతుంది. సరిచేసినా రెండు వారాల్లో మానని పుండుని మాత్రం క్యాన్సర్ అనుమానంతోనే చూపించుకోవాలి, శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని) తాగినవాళ్లైతే మరీను.

సర్కారు లెక్కల్లో ఇదంతా సరిగ్గా ఇమడదు. 2024లో డెబ్భై దాటినవాళ్లందరికీ వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. సెట్టేమో డాక్టరు దగ్గరికి నాలుగైదు సార్లు తిరిగి చేయించుకునే పని. కర్ణాటక ‘దంత భాగ్య’ పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా సెట్లు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాలూ అలాంటిది తెస్తే ఎన్ని సెట్లు పంచారన్నది కాదు, ఏడాది తర్వాత ఎన్ని కింది సెట్లు నోట్లో ఉన్నాయన్నది లెక్కపెట్టాలి. సవరించడానికి, వదులైనప్పుడు లోపలి పొర మళ్లీ వేయడానికి, కోరపళ్లు నిలబెట్టడానికి విడిగా డబ్బు కేటాయించాలి.