తక్షణ నొప్పికి మూడు నెల్ల ముందు రిజిస్ట్రేషన్

అక్యూట్ పెయిన్ మేనేజ్‌మెంట్ మీద నేషనల్ కాన్ఫరెన్స్ అని వాట్సప్‌ల బ్రోచర్ వచ్చింది. అక్యూట్ అంటే ఏంది, కాలు విరిగింది, తేలు కుట్టింది, ఇప్పుడే ఆపరేషన్ అయి మత్తు దిగుతున్నది, గిదే కద, గని ఎర్లీ బర్డ్, అంటే ముందుగాల కట్టెటోళ్ళకు తక్కువ ఫీజు, మాత్రం మూడు నెల్ల ముందే బంద్ అయితదంట. నొప్పి చెప్పకుండ వస్తది, నొప్పి తగ్గిచ్చేటోడు మాత్రం ముందు చెప్పి, 18 శాతం జీఎస్టీ కలిపి కట్టి రావాలె.

ఇది నేను ఎకసెక్కానికి అంటలేను. పాలమూరుల మత్తు డాక్టరుగ ఉండి (ఇక్కడ మాకు పేరుండదు, "మత్తాయన వచ్చిండా" అని అడుగుతరు అంతే) చాలా బాధ్యతతోని అంటున్న.

మా నల్గొండ దోస్తు ఒకాయన మర్రిగూడ దిక్కు కేసులు చూస్తడు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి నడుములు వంగిపోయినోళ్ళు, వాళ్ళ గురించి ఇండ్ల ఏమన్న మాట్లాడ్తరా అని అడిగిండు. మాట్లాడరు. మూడు నెల్లు దాటినంక నొప్పి క్రానిక్ అయితది, దానికి వేరే కాన్ఫరెన్స్, వేరే ఫీజు, వేరే బ్యాగు. ఏండ్ల సంది నొప్పి పడుతున్నోళ్ళు కనీసం టైటిల్ చూసుకోని నొప్పి పడాలె కద.

ఇగ ఫారం. రాష్ట్రం దగ్గర నొక్కితే మహబూబ్‌నగర్ ఆంధ్రప్రదేశ్ కింద ఉన్నది, తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2 న, ఫారం చేసినాయనకు ఇంకా కబురు అందినట్టు లేదు. పీజీ పిల్లలైతే హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ పెద్దసారు) సంతకం, స్టాంపు ఉన్న లెటర్ పెట్టాలె. అకంపనీయింగ్ పర్సన్ అని ఇంకో కేటగిరీ ఉంటది, అంటే మా ఇంటామె అన్నట్టు, ఆమెకు లెక్చర్లకు ఎంట్రీ లేదు, భోజనాలకు ఉన్నది. నాకు రెండిట్లకు ఉన్నది గని నిజం చెప్పాలంటే సగం మంది డెలిగేట్లు ఆ మూడు దినాలు ఆమె కేటగిరీలనే బతుకుతరు. రిజిస్ట్రేషన్‌కు ఒక ఫీజు, వర్క్‌షాప్‌కు ఇంకో ఫీజు, డిన్నర్‌కు వేరే, రూం వేరే, చారాణ కోడికి బారాణ మసాల.

మరి ఎందుకు పోవుడు అంటే, డాక్టరు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కావాలంటే ఐదేండ్లకు 30 గంటల క్రెడిట్ అవర్స్ కావాలె, అవి ఇసొంటి మీటింగులల్ల కూసుంటే వస్తయి. ఒకప్పుడైతే మందుల కంపెనీ రెప్ వచ్చి "సార్ మీరు ఊకోండ్రి, నేను చూస్కుంట" అనేటోడు. 2024 మార్చిల కేంద్రం మందుల మార్కెటింగ్ మీద కొత్త కోడ్ తెచ్చింది, డాక్టర్లకు కంపెనీలు ప్రయాణం, హోటల్ ఖర్చులు పెట్టొద్దన్నది, స్పీకర్లకైతే పెట్టొచ్చన్నది. అందుకని ఇప్పుడు అందరు స్పీకర్లే. ఏడు నిమిషాల టాక్, అండ్ల రెండు నిమిషాలు థాంక్స్ చెప్పనీకె పోతయి.

స్పాన్సర్ అంటే పాత రోజులల్ల ఉండె. మా ఊరికి ఎవరి పేరు పెట్టిండ్రో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, అప్పటి మత్తు మందు క్లోరోఫాం ఎక్కువైతే మొదలు గుండె ఆగుతదా శ్వాస ఆగుతదా తేల్చనీకె 1889 ల హైదరాబాద్‌ల కమిషన్‌కు పైసలిచ్చిండు, లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ దొర ఓడెక్కి వచ్చిండు, కుక్కల మీద కోతుల మీద వందల ప్రయోగాలు చేసిండ్రు. వాళ్ళు తేల్చింది తర్వాత తప్పని తేలింది, అది వేరే సంగతి, ఓటీపీ అడగకుండ తేల్చిండ్రు అది చూడాలె.

వర్క్‌షాప్ మాత్రం మస్తు ఉంటది, కాదన. అల్ట్రాసౌండ్‌ల నరం చూసుకుంట పక్కనే మొద్దుబారే మందు ఇడుస్తే, తొంటి విరిగిన మనిషి కూడ పది పదిహేను నిమిషాలల్ల నెమ్మదిగ మాట్లాడుతడు. నేర్చుకోని ఇంటికి వస్తం. మిషన్ ఉన్నది, స్కానింగ్ గదిల, తాళం ఏసి. కడుపుల ఉన్నది ఆడపిల్లనా మొగపిల్లగాడా చూడొద్దని 1994 ల తెచ్చిన చట్టం అది, మంచి చట్టం, నాకేం పేచీ లేదు, గని డెబ్బై ఏండ్ల తాత తొడల నరం చూడాలన్నా అదే చట్టం కింద మిషన్, జాగ, చూసే మనిషి అన్ని రిజిస్టర్ అయి ఉండాలె. తాత తొడల ఆడపిల్ల ఉండదని చట్టానికి ఎవరు చెప్పాలె? పెద్ద నొప్పులకు ఇచ్చే గట్టి మందు మార్ఫిన్ కథ కూడ అంతే, 2014 ల చట్టం మార్చి లైసెన్సులు తేలిక చేసిండ్రు, చిన్న ఊర్ల నర్సింగ్ హోంలకు మాత్రం ఇప్పటికీ డైక్లోఫినాక్ సూది, పారాసెటమాల్ బాటిలే దిక్కు. స్లైడ్ల మీద ఫెంటానిల్ అనే ఇంకో గట్టి నొప్పి మందు పంపు నడుస్తుంటది, చూసి చప్పట్లు కొట్టి వస్తం.

ఇంకోటి, పెయిన్ స్కోర్. సున్నా నుంచి పది దాక పేషెంట్‌ను అడిగి రాయాలె, ఇది అన్ని కాన్ఫరెన్సులల్ల చెప్తరు, మంచిదే. మక్తల్ దిక్కు నుంచి ఒక తాత వచ్చిండు, బాయి గడ్డ మీద జారి తొంటి విరిగింది. సిస్టరు చార్టు పట్టుకోని "పదికి ఎంత తాతా?" అన్నది. తాత కొడుకు దిక్కు చూసిండు. "ఎంతైతే అంత ఇస్తంలే బిడ్డా, మొదలు సూదెయ్యి."

పైసలు గాదు తాతా, నొప్పి ఎంత అని మళ్ళ అడిగితే జర సేపు ఆలోచన చేసి, "రూపాయిల బారాణ" అన్నడు. ఇంత సక్కగ చెప్పిన పేషెంట్‌ను నేను కార్పొరేట్ దవాఖానల కూడ చూడలే. గని బారాణ అంటే ఏడున్నర, చార్టుల సగాలు పట్టయి, సిస్టరు 8 ఏసింది. తాతకు అర మార్కు నొప్పి ఉత్తగనే వచ్చింది.

అసలు చిక్కు ఇవేవి గావు. చిన్న ఊర్లల్ల నాలుగైదు నర్సింగ్ హోంలకు కలిపి ఒకడో ఇద్దరో మత్తు డాక్టర్లుంటరు, పొద్దుగాల ఒక తాన అపెండిక్స్, పదింటికి ఇంకో తాన సిజేరియన్, మధ్యల కారులనే ఇడ్లి. నొప్పి ఎట్ల తగ్గియ్యాలె అని నేర్చుకోనీకె ఆ ఒక్కడు మూడు దినాలు పోతే ఊరంత నొప్పి తోనే కూసుంటది. కాబట్టి నిర్వాహకులకు నా సవినయ ప్రతిపాదన ఏందంటే, కిట్ల ఇచ్చే బ్యాగు, పెన్ను, వాటర్ బాటిల్ ఏం వద్దు, వాటి బదులు మూడు దినాలకు ఒక మత్తు డాక్టరును ఇటు పంపుండ్రి, ఎర్లీ బర్డ్ రేటు గాదు, ఆఖరి దినం కట్టే స్పాట్ రేటే కడ్తం.

అదైనా నడుస్తదో లేదో. తెలంగాణల కాన్పులల్ల 60.7 శాతం సిజేరియన్లే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, అండ్ల ముహూర్తం చూసుకోని వచ్చేటోళ్ళు తక్కువేం లేరు. కాన్ఫరెన్స్ రెండో దినం, సిజేరియన్ తర్వాత నొప్పి మీద సెషన్ ఉన్న టైంకే జడ్చర్ల పంతులు ఒక బిడ్డకు ముహూర్తం పెట్టిండు, 10 గంటల 42 నిమిషాలు. సర్జన్ ఫోన్ చేసి "అన్నా, నువ్వే రావాలె" అన్నడు. ఊర్ల ఉండ, వేరే తేదీ చూసుకోమని చెప్పమంటే ఫోన్ ఆ పిల్ల నాయిన చేతికి ఇచ్చిండు.

"మీ మీటింగ్ మళ్ళేడు గూడ ఉంటది గద సారూ" అన్నడాయన.