సన్మానం ఒక్కరికేనా?

అమెరికాలోని మన ప్రవాసుల సంఘం వార్షికోత్సవంలో నన్ను వేదిక మీదకు పిలిచి, శాలువా కప్పి, "సంకల్పబలంతో క్యాన్సర్‌ను జయించిన యోధుడు" అని పరిచయం చేసిన మిత్రుల అభిమానాన్ని నేను శంకించడం లేదు. అయితే ఆ ప్రశంసలు సాగినంతసేపూ నా భార్య మూడో వరుసలో ప్రేక్షకురాలిగానే కూర్చోవడం, మైకులో ఆమె పేరు ఒక్కసారైనా వినిపించకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తోంది.

సంకల్పబలం సంగతి ముందు చెప్పేస్తాను. నాకు వచ్చింది పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ. దాన్ని తీసేసింది శస్త్రచికిత్స. కంటికి కనబడకుండా మిగిలినదేమైనా ఉంటే దాని పని పట్టడానికి ఇచ్చింది కీమోథెరపీ. ఇదే జబ్బుతో మనల్ని విడిచి వెళ్లినవారికి సంకల్పం చాలలేదని నేను ఒప్పుకోలేను. అలాంటివారి కుటుంబాలు కూడా ఆ సభలో ఉన్నాయి.

ఇక ఇంటి సంగతి. నా మందుల్లో ఫ్లోరోయురాసిల్ అనేది ఆసుపత్రిలో పూర్తయ్యేది కాదు. ఛాతీలో చర్మం కింద అమర్చిన పోర్టుకు (నరంలోకి మందు ఎక్కించడానికి పెట్టే చిన్న పరికరం) గొట్టం తగిలించి, నడుముకు చిన్న పంపు కట్టి ఇంటికి పంపేవారు. అది 46 గంటల పాటు మందు ఎక్కిస్తూ ఉండేది. నేను ఒత్తిగిలితే గొట్టం మెలిపడుతుందేమోనని ఆమె రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది. గడువు తీరగానే, నర్సు నేర్పిన ప్రకారం గ్లవ్స్ తొడుక్కుని, పోర్టులోకి సెలైన్ ఎక్కించి శుభ్రం చేసి, సూదిని తానే తీసేది. ఆక్సాలిప్లాటిన్ అనే మరో మందు వల్ల చల్లని వస్తువు తాకితే వేళ్లలోకి కరెంటు పాకినట్టుండేది కాబట్టి, మా అబ్బాయి ఫ్రిజ్ తలుపు పిడికి ఒక జత ఉన్ని గ్లవ్స్ వేలాడదీశాడు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆ లెక్క కూడా ఆమెదే.

తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ భయం ఉన్న రోజుల్లో పలకరించడానికి వచ్చినవారిని ఆమె గుమ్మంలోనే ఆపేసింది. కష్టంలో ఉన్న ఇంటికి పదిమంది కలిసి రావడం మన పద్ధతి. అందులోని ఆప్యాయత ఏ దేశంలో ఉన్నా పోకూడదనే నా కోరిక. కానీ "ఆవిడకు మనుషులంటే గిట్టదు" అన్న మాట ఊరంతా తిరిగి మా ఇంటికే చేరింది. నన్ను యోధుడన్నవారిలో ఆ మాట అన్నవారూ ఉన్నారు. (ఈ వాక్యం వద్దని ఆమె చెప్పింది, అయినా ఉంచుతున్నాను.)

ఈ దేశపు చట్టం కూడా ఇటువంటి ఇళ్లకు ఆసరా ఇచ్చేది కొంతవరకే. 1993 నాటి ఫెడరల్ కుటుంబ, వైద్య సెలవు చట్టం అర్హులైన ఉద్యోగులకు ఏడాదికి 12 వారాలు ఉద్యోగ రక్షణతో సెలవు ఇస్తుంది గానీ జీతం ఇవ్వమనదు. తోడబుట్టినవారి సేవకు సాధారణంగా అదీ వర్తించదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి నన్ను కీమోకు తిప్పిన మా తమ్ముడు అందుకు తన సొంత సెలవులే వాడుకున్నాడు.

మన సంఘానికి మనసు లేదని ఎవరూ అనలేరు. ఎవరైనా మరణిస్తే పార్థివదేహాన్ని స్వదేశానికి చేర్చడానికి రాత్రికి రాత్రే విరాళాలు పోగుచేయగలదు. ఆ చురుకుదనంలో కొంత, రోగి బతికి ఉండగానే, అతన్ని చూసుకుంటూ అలసిపోయిన మనిషి కోసం కేటాయించమని అడుగుతున్నాను. సభ్యత్వ పత్రంలో ఒక వరుస చేర్చండి: కారులో ఆసుపత్రికి తీసుకెళ్లగలవారు, కీమో ఎక్కే వేళ పక్కన కూర్చోగలవారు, బీమా కాగితాలు చూసిపెట్టగలవారు తమ పేర్లు రాస్తారు. జబ్బు బయటపెట్టడం ఇష్టంలేని కుటుంబాలు ఉంటాయి, వారి కారణాలు వారివి. కాబట్టి ఆ వివరాలు ఒక్క సమన్వయకర్త దగ్గరే గోప్యంగా ఉండాలి. వచ్చే ఏడాది పత్రాలు అచ్చుకు వెళ్లేలోపే కార్యవర్గం దీన్ని చర్చించాలి. కీమో వల్ల వచ్చిన నా అరికాళ్ల తిమ్మిరి తగ్గింది, కారు నడుపుతున్నాను. నా పేరు ఇప్పుడే రాసుకోవచ్చు.