సవరణ: 'జాక్ ఓరియన్' బర్ట్ జాన్ష్ రాసింది కాదు

మొన్నటి పోస్టులో, స్కాట్లాండ్ జానపద గాయకుడు బర్ట్ జాన్ష్ 1966లో పాడిన 'జాక్ ఓరియన్' పాట ఆయన సొంత రచన అన్నాను. తప్పు నాదే. అది పాత జానపద గాథ. 19వ శతాబ్దంలో అమెరికన్ పండితుడు ఫ్రాన్సిస్ చైల్డ్ కూర్చిన 305 గాథల సంకలనంలో 'గ్లాస్‌గెరియన్' పేరుతో 67వదిగా ఉంది. ఆ సంకలనం చూశాకే నాకు తెలిసింది. అందులో నాయకుడు హార్ప్ అనే తీగల వాద్యం వాయిస్తాడు. అతన్ని ఫిడేలు వాయించేవాడిగా మార్చి తిరగరాసింది ఇంగ్లండ్ జానపద గాయకుడు ఎ.ఎల్. లాయిడ్. నౌకరు రాత్రిపూట యజమానిలా నటించి అతని ప్రియురాలి దగ్గరికి వెళ్లడం, మోసం తెలిసి ఆమె తన ప్రాణం తానే తీసుకోవడం, అంతా పాత కథే. జాన్ష్ దాన్ని దాదాపు పది నిమిషాలు, గొంతులో ఏడుపు రానివ్వకుండా చెప్పుకుపోతాడు. (నన్ను కుదిపేసింది అదే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.)