ట్రాక్టులు బట్టీకి లొంగవు, గీయాల్సిందే

న్యూరో అనాటమీ (మెదడు, వెన్నుపాము, నాడుల నిర్మాణం) చదవడానికి నెమోనిక్‌లు (గుర్తుంచుకునే చిట్కా మాటలు), ఫ్లాష్‌కార్డులు చాలని ఒక వ్యాసంలో చదివాను. నాడుల పేర్లకు చాలేమో కానీ ట్రాక్టులకు, అంటే మెదడుకూ ఒంటికీ మధ్య సంకేతాలు మోసే నాడీతంతువుల దారులకు, చాలవు. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే: తెల్లకాగితం మీద వెన్నుపాము, దాని పైనున్న బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం) భాగాలైన మెడుల్లా, పాన్స్, మిడ్‌బ్రెయిన్ అడ్డుకోతలు కింది నుంచి పైకి వరసగా గీయండి. ఒక్కో ట్రాక్టుకు ఒక్కో రంగు వాడండి. అది అవతలి వైపుకు ఎక్కడ దాటుతుందో అక్కడ ఆగి చూడండి. నొప్పి, వేడి, చలి మోసే స్పైనోథాలమిక్ ట్రాక్టు వెన్నుపాములోనే దాటుతుంది. వైబ్రేషన్, కీళ్ల స్థితి తెలిపే డార్సల్ కాలమ్ దారి మెడుల్లా దాకా అదే వైపు వెళ్లి అక్కడ దాటుతుంది. ఈ తేడా చేతికి వచ్చాక బ్రౌన్-సెకార్డ్ సిండ్రోమ్‌ను వేరే బట్టీ పట్టక్కర్లేదు. వెన్నుపాము ఒక సగం దెబ్బతింటే దాని దిగువన ఆ వైపే బలం, వైబ్రేషన్ పోతాయి, నొప్పి తెలియకుండా పోయేది రెండో వైపు. ఎందుకో గీసి చూడండి, దానంతటదే తేలుతుంది.

క్రేనియల్ నాడులకు (మెదడుకు చెందిన 12 జతల నాడులు, వీటికి వరస అంకెలుంటాయి) ఓ చిన్న లెక్క ఉంది. 12ను శేషం లేకుండా భాగించే 3, 4, 6, 12 నాడుల మోటార్ కేంద్రకాలు (కండరాలను కదిలించే నాడీకణాల గుంపులు) బ్రెయిన్‌స్టెమ్‌లో మధ్యరేఖ పక్కనే ఉంటాయి (1, 2 బ్రెయిన్‌స్టెమ్‌వి కావు).

డిసెక్షన్ హాల్లో మెదడు ముక్కను చేత్తో పట్టుకుని చూసే అవకాశం మాత్రం దయచేసి వదులుకోకండి. మెదడు లోపల ఈ ట్రాక్టులు గుమిగూడి వెళ్లే ఇంటర్నల్ క్యాప్సూల్ ఎంత ఇరుకో అట్లాసులో తెలియదు. అంత చిన్నచోట రక్తస్రావమైతే ఒక వైపు కాలూ చెయ్యీ ఎందుకు పడిపోతాయో అప్పుడు అర్థమవుతుంది. చదివిన రోజే ఓ స్ట్రోక్ కేసు తీసుకుని, దెబ్బ ఎక్కడ తగిలిందని స్నేహితులతో వాదించుకోండి.