గడ్డిపరకతో కట్టిన విలాసం

ఫర్నిచర్‌లో విలాసం అనగానే మనకు బంగారు పూత, టేకు మీద నిండా చెక్కడాలు, వెల్వెట్ కుషన్లు గుర్తొస్తాయి. 1920ల్లో ప్యారిస్ శ్రీమంతుల ఇళ్లను తీర్చిదిద్దిన జాన్-మిషెల్ ఫ్రాంక్ ఇవన్నీ పక్కన పెట్టాడు. ఆయన బల్ల అంటే నాలుగు కాళ్లు, ఒక పలక. సోఫా అంటే ఒక దిమ్మె. ఒక్క పువ్వు కూడా చెక్కి ఉండదు. కానీ ఆయన చేయించిన కొన్ని వస్తువులను దగ్గరికెళ్లి చూస్తే వాటి మీద అతికించి ఉన్నది గడ్డి. రై అనే, గోధుమ లాంటి ధాన్యపు పైరు కోశాక మిగిలే మామూలు ఎండు గడ్డి.

ఈ గడ్డి పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, నా వాదనంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఒక్కో కాడను నిలువునా చీల్చాలి. తెరిచి, చేత్తోనే రుద్ది చదును చేయాలి. అలా వచ్చిన కొన్ని మిల్లీమీటర్ల పట్టీలను ఒకదాని పక్కన ఒకటి, సందు కనపడకుండా అతికించాలి. ఒక అల్మారా తలుపు నిండాలంటే ఎన్ని వందల కాడలు కావాలో ఊహించుకోండి. గడ్డి పైపొరలో సహజంగానే సిలికా ఉంటుంది కాబట్టి వార్నిష్ లేకుండానే మెరుస్తుంది. ఎండపొద్దున వరిగడ్డి వామి మెరవడం చూసినవాళ్లకు ఆ మెరుపు కొత్తేమీ కాదు. ఆ పట్టీలను మధ్య నుంచి అంచులకు విసనకర్రలా అమరిస్తే, మనం నాలుగడుగులు పక్కకు జరిగేసరికి మెరిసే చోటు నీడవుతుంది, నీడ ఉన్న చోటు మెరుస్తుంది. విడిగా ఏ బొమ్మా గీయక్కర్లేదు.

సరుకు ఖరీదు దాదాపు ఏమీ లేదు. ధరంతా చేతిది. పేరు ఫ్రాంక్‌కే వచ్చింది గానీ, ఆయనతో కలిసి వర్క్‌షాప్ నడిపిన అడాల్ఫ్ షానో లేకపోతే ఈ వస్తువులు చాలావరకు కాగితం మీదే మిగిలిపోయేవి. చెక్కడాలున్న బల్లలో చిన్న అతుకు ఆకుల మధ్య కలిసిపోతుంది. నున్నటి పలక మీద వెంట్రుకంత తేడా కూడా కంటికి కొడుతుంది. రూపం ఎంత సాదాగా ఉంటే పనివాడికి అంత టెన్షన్.

శ్రీమంతులైన షార్ల్, మరీ-లోర్ ద నోయై దంపతుల ప్యారిస్ భవనంలో ఫ్రాంక్ ఒక హాలు గోడలన్నిటికీ చదరాలుగా కోసిన పార్చ్‌మెంట్ అంటించాడు. పార్చ్‌మెంట్ అంటే సాగదీసి ఆరబెట్టిన తోలు. ఏ రెండు ముక్కల రంగూ ఒక్కలా ఉండదు కాబట్టి, ఖాళీగా కనిపించే ఆ గోడ నిజానికి ఖాళీ కాదు. తోలుబొమ్మలాట తెర మీద దీపం వెలుగు బొమ్మలోంచి ఎలా వస్తుందో చూసిన మనకు తోలు గుణం తెలుసు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ తోలుతోనే ఇప్పుడు లాంప్‌షేడ్లు చేస్తున్నారు కూడా.

దీపాల విషయంలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి జిప్సం అనే ఖనిజానిది. ఫ్రాంక్ కాలపు మరో ఫ్రెంచ్ డిజైనర్ పియెర్ షరో తన దీపాలకు గాజు బుడ్డి బదులు అలబాస్టర్ పలకలు వాడాడు. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తటి రాయి అది. బల్బు వెలుగు దాని గుండా వస్తే కళ్లకు గుచ్చుకోదు, రాతిలోని చారలు బయటపడతాయి. శిల్పి అల్బెర్టో జాకోమెట్టి ఫ్రాంక్ కోసం ప్లాస్టర్‌తో దీపాలు చేశాడు. మన ఇళ్లలో ఫాల్స్ సీలింగ్‌కు వాడే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌కు ఆ పేరు రావడానికి ప్యారిస్‌లోని మోంమార్త్ర్ గుట్ట కింది జిప్సం గనులే కారణం. అలబాస్టర్ కూడా జిప్సమే. ఒకే ఖనిజం ఒకచోట అపురూపమైన రాయి, ఇంకోచోట బస్తాల్లో దొరికే పొడి. రెండిటినీ సమానంగా గౌరవించిన కాలం అది.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అనే విమర్శ ఉంది, అందులో నిజముంది. 1929లో ఫ్రాన్స్‌లో ఏర్పడిన ఆధునిక కళాకారుల సంఘం కొత్త కాలానికి కొత్త సామగ్రి కావాలంది. అందులో ఉన్న డిజైనర్ షార్లోట్ పెరియాన్ వంటివారు ఉక్కు గొట్టాల కుర్చీలను ముందుకు తెచ్చారు. కానీ వాళ్ల కుర్చీలే ఇవాళ లైసెన్సుతో తయారై వేల యూరోలకు అమ్ముడవుతున్నాయి. కాబట్టి ఉక్కు వాడితే సామాన్యుడిది, తోలు వాడితే శ్రీమంతుడిది అనే లెక్క నాకు ఒప్పదు. నాకు బాధ కలిగించేది వేరే. మన ఫ్లాట్ల ఇంటీరియర్ కొటేషన్లలో ఇప్పుడు 'మినిమలిస్ట్' అని రాసి తెల్ల లామినేట్ పెట్టెలు బిగిస్తున్నారు. ఫ్రాంక్ నుంచి ఖాళీని తీసుకుని, ఆ ఖాళీని నింపిన చేతిపనిని వదిలేశారు.

యూదుడైన ఫ్రాంక్ 1940లో నాజీల నుంచి తప్పించుకుని అర్జెంటీనా చేరాడు. 1941లో న్యూయార్క్‌లో ప్రాణం తీసుకున్నాడు, అప్పటికి నలభై ఆరేళ్లు. తర్వాత చాలా ఏళ్లు ఆయన పేరుతో పాటు గడ్డి పని కూడా మరుగున పడింది. దాన్ని మళ్లీ నిలబెట్టినవారిలో ముఖ్యురాలు లిజోన్ ద కోన్. ఆమె ఫ్రాంక్ కాలపు డిజైనర్ ఆంద్రే గ్రూల్ మనవరాలు. పాత వస్తువులు బాగుచేస్తూ ఆ పని నేర్చుకుని, ప్యారిస్‌లో వర్క్‌షాప్ పెట్టి మరికొందరికి నేర్పారు. ఈ పనికి గడ్డి కాడ నలగకూడదు. కోత మిషన్‌లో పడితే చితికిపోతుంది. అందుకే ఆ రై గడ్డిని ఇప్పటికీ విడిగా, జాగ్రత్తగా కోయిస్తారు.